తోలు ఒలిచిన కూలి

సెప్టెంబరు రెండో వారం వచ్చిందంటే ఆ ఊళ్ళో ఎవరింట్లో ఏం వండుతున్నారో వాసన పట్టి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఊరంతా ఒకటే వాసన, కాలిన ఎర్ర మిరపకాయ. కారం ఉండదు, అరచెయ్యంత వెడల్పుంటుంది, చేత్తో పట్టుకుంటే బరువు తెలుస్తుంది. దాన్ని రేకు పొయ్యి మీద నల్లగా కాల్చి, మూతపెట్టి మగ్గనిచ్చి, తోలు ఒలిచి, నూనెలో గంటలకొద్దీ కలుపుతూ ఉడికిస్తే అయ్వార్ పచ్చడి అవుతుంది. దక్షిణ సెర్బియాలో లెస్కొవాట్స్ చుట్టుపక్కల అయ్వార్ సీసాలు సర్దుకోకుండా చలికాలంలోకి అడుగుపెట్టిన ఇల్లు లేదు.

దెసాంకా దాన్ని అమ్ముతుంది. మొదట్లో బస్టాండు పక్కన బల్ల వేసుకుని అమ్మింది. ఇప్పుడు అది కంపెనీ. రబ్బరు స్టాంపు ఉంది, సీసా మీద ఆవిడ పేరుంది, ఆ పేరు కింద పొయ్యి బొమ్మ ఉంది. యాభై దాటిన మనిషి, గొంతు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. తన అయ్వార్ కంటే మంచిది సెర్బియాలో లేదని ఎవరైనా అడక్కముందే చెబుతుంది.

ఆ రోజు పొద్దున పెరట్లో పొడుగుబల్ల చుట్టూ పద్దెనిమిది మంది ఆడవాళ్ళు కూర్చుని తోలు ఒలుస్తున్నారు. మోబ అంటారు దాన్ని. మన బదులు పని లాంటిదే. ఇవాళ నా ఇంట్లో నువ్వు, రేపు నీ ఇంట్లో నేను. డబ్బు మాట రాదు. ఒక గ్లాసు రాకీయా సారా, మధ్యాహ్నం బీన్స్ పులుసు, కబుర్లు, అంతే.

దెసాంకా మొగుడు బ్లగోయే చేతిలో కాగితం ఊపుకుంటూ వచ్చాడు.

"ఏమే, గురువారం వస్తానన్నాడు సూపర్ మార్కెట్ వాళ్ళ మనిషి. సంతకానికి. వచ్చే ఏడాదికి ముప్పైవేల సీసాలు."

"ఎంతకి?"

"సీసాకి నాలుగొందల ఎనభై దినార్లు."

"మనం ఆరొందలకి అమ్ముతున్నాం కదయ్యా."

"మనం అమ్మేది ఎనిమిది వేలే. ముప్పైవేలు కొనేవాడు ఆరొందలిస్తాడా? బ్యాంకు వాళ్ళు కూడా సరేనన్నారు. కొత్త షెడ్డుకీ, పెద్ద మూకుళ్ళకీ అప్పిస్తారంట. ఇల్లూ, కాయ పండే చేనూ తాకట్టు రాయమన్నారు. అంతే."

"అంతేనా," అంది దెసాంకా. అత్తగారు పోతూ పోతూ తన చేతిలో పెట్టిన ఇల్లు అది. అయినా ఆవిడకి భయం వెయ్యలేదు. తన సరుకు మీద ఆవిడకి గురి. "లెక్కలు చూసి సంతకం పెడదాం. స్లావొల్యుబ్ అన్నయ్యని రమ్మను."

స్లావొల్యుబ్ వాళ్ళ పెళ్ళికి సాక్షి. అక్కడ పెళ్ళిసాక్షి అంటే తోడబుట్టినవాడి కంటే ఒక మెట్టు పైన. పైగా చుట్టుపక్కల నాలుగూళ్ళ లెక్కలు రాసేది ఆయనే. ఆయన వచ్చి, ముందు తిని, తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, పోయినేటి లెక్క బల్ల చివర పరిచాడు.

"పదమూడు లక్షలు," అన్నాడు బ్లగోయే, ఆడవాళ్ళందరికీ వినపడేలా. "పోయినేడు మిగిలింది పదమూడు లక్షల దినార్లు. అడుగు గీత మీద రాసుంది చూడండి."

"నువ్వు అడుగు గీతే చూస్తావు బావా," అన్నాడు స్లావొల్యుబ్. "అందులో నీ పాత ట్రాక్టరు అమ్మిన మూడు లక్షలున్నాయి. ఈ ఏడు ఇంకో ట్రాక్టరు అమ్ముతావా?"

"ఇంకోటి ఎక్కడుంది?"

"అదే చెప్తున్నా. ట్రాక్టరు అమ్మితే వచ్చింది పచ్చడి సంపాదన కాదు. విను చెల్లెమ్మా." ఆయన వేలు పై నుంచి కిందికి దిగింది. "అమ్మకాలు నలభై ఎనిమిది లక్షలు. కాయ, నూనె, ఉప్పు, వెనిగరు, సీసా, మూత, కట్టెలు, ఇవన్నీ కలిపి సీసాకి మూడొందల ముప్పై అయ్యాయి. అది తీసేస్తే స్థూల లాభం ఇరవై ఒక్క లక్షల అరవై వేలు. ఇది చూసి గంతులేసేవాళ్ళున్నారు. కానీ షెడ్డు అద్దె, కరెంటు, వ్యాను, లైసెన్సులు, యంత్రాల అరుగుదల ఇంకా తియ్యలేదు. అవి తొమ్మిది లక్షల అరవై వేలు. తీసేస్తే పన్నెండు లక్షలు. ఇదీ నిర్వహణ లాభం. వడ్డీకీ పన్నుకీ పోయిన రెండు లక్షలు తియ్యకుండా, నీ మొగుడి ట్రాక్టరు లేకుండా, నీ పొయ్యి ఒక్కటీ సంపాదించింది."

"అంటే నూటికి పాతిక," అంది దెసాంకా.

"నూటికి పాతిక. నేను రాసే లెక్కల్లో ఇంకెవరికీ లేదు. కసాయి రాడిసావ్‌కి ఆరు."

దెసాంకా మొహం వెలిగింది. "మరి ఈ ముప్పైవేలకి?"

స్లావొల్యుబ్ కాగితం వెనక్కి తిప్పి పెన్సిల్ తీశాడు. "నాలుగొందల ఎనభైలో మూడొందల ముప్పై పోతే నూట యాభై. ముప్పైవేల సీసాలకి నలభై అయిదు లక్షలు. కొత్త షెడ్డూ, ఇంకో వ్యానూ, అరుగుదలా పదిహేను లక్షలనుకో. ముప్పై లక్షలు నిలుస్తుంది. బ్యాంకుకి కట్టుకున్నా బాగానే మిగులుతుంది."

బ్లగోయే రాకీయా సీసా అందుకున్నాడు. ఆ క్షణాన ఎవరైనా పెన్ను ఇచ్చి ఉంటే దెసాంకా సంతకం పెట్టేసి ఉండేది.

పక్కింటి విదోసావ బల్ల మధ్యలో కూర్చుని ఉంది. దెసాంకాతో పాటే ఆ ఊరికి కోడలై వచ్చిన మనిషి. చేతులు కాయ రసంతో మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది.

"ముప్పైవేల సీసాలంటే ఎంత కాయ అన్నయ్యా?"

"డెబ్బై అయిదు టన్నులు."

"ఆహా. ఒసేయ్ దెసాంకా, డెబ్బై అయిదు టన్నులు మేం నీకు ఒలిస్తే, నువ్వు మాకు ఏం ఒలుస్తావే? మా ఇంట్లో కాయ మూడు బస్తాలు."

బల్లంతా నవ్వింది. ఎవరో అన్నారు, "మా ఆయన తోలు ఒలవమను, రుణం తీరిపోతుంది." ఇంకొకావిడ, "అతనికి తోలు దళసరి, మగ్గబెట్టినా ఊడదు," అంది.

దెసాంకా కూడా నవ్వింది. సగంలో ఆ నవ్వు ఆగిపోయింది. చేతిలో ఉన్న కాయని తిప్పి చూసుకుంది. ఒలిచి ఉంది. ఎవరు ఒలిచారు? నిన్నటిది ఎవరు ఒలిచారు? పోయినేడు ఇరవై టన్నులు ఎవరు ఒలిచారు? వీళ్ళే. బదులుగా తను వెళ్ళింది ఎవరింటికైనా ఒక రోజు, లేకపోతే పూట. వెళ్ళినప్పుడల్లా మొహం చెల్లడానికి నాలుగు సీసాలు పట్టుకెళ్ళింది. కూర్చున్నవాళ్ళలో ఒక్కరు కూడా ఎప్పుడూ ఎత్తి చూపలేదు. మోబలో ఎత్తి చూపరు.

"అన్నయ్యా," అంది నెమ్మదిగా, "ఈ కాగితంలో విదోసావ ఎక్కడుంది?"

స్లావొల్యుబ్ కాగితం వంక చూశాడు. "విదోసావ మోబకి వస్తుంది కదమ్మా. మోబకి రసీదు ఉండదు. రసీదు లేనిది నేనెలా రాస్తాను?"

"రాయకపోతే మానె. ఇప్పుడు లెక్క కట్టు. మనిషి రోజుకి ఎంత ఒలుస్తుందే విదోసావా?"

"నడుం బాగుంటే ఎనభై కిలోలు. నీ మొగుడు పాటలు పాడకపోతే తొంభై."

"ఎనభై చొప్పున కట్టు అన్నయ్యా. ద్రాక్ష కోతకి ఊళ్ళో కూలి నాలుగు వేలు. అదే వేసుకో."

పెన్సిల్ కాసేపు నడిచింది. స్లావొల్యుబ్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇరవై టన్నులకి రెండొందల యాభై కూలి రోజులు. పది లక్షలు."

"పన్నెండులోంచి పది తియ్యి."

"రెండు." ఆయన గొంతు దిగింది. "నూటికి పాతిక కాదు చెల్లెమ్మా. నాలుగు."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది దెసాంకాకి. ఖర్చు ఎదురుగా బల్ల చుట్టూ కూర్చుని తోలు ఒలుస్తోంది. తను కాగితంలో వెతుకుతోంది.

"సీసాకి ఒలుపు కూలి నూట పాతిక పడింది," అన్నాడు స్లావొల్యుబ్, ఈసారి అడక్కుండానే. "ఆ పెద్ద బేరంలో సీసాకి నూట యాభై మిగులుతుందన్నా కదా, పాతికే మిగులుతుంది. ముప్పైవేలకి ఏడున్నర లక్షలు. ఖర్చు పదిహేను లక్షలు. వడ్డీ కట్టకముందే ఏడున్నర లక్షలు మనమే ఎదురు పెట్టాలి."

"అంటే ఎంత ఎక్కువ అమ్మితే అంత ఎక్కువగా ఇల్లు బ్యాంకు వైపు నడుస్తుందన్నమాట," అంది దెసాంకా.

బ్లగోయే గ్లాసు కింద పెట్టాడు. "అసలు కూలి ఎందుకివ్వాలి? ఎప్పుడిచ్చాం? మోబకి డబ్బిస్తే అవమానం. రేపు మనం చస్తే శవం ఎత్తడానికి కూడా రారు వీళ్ళు."

"వస్తాంలే," అంది విదోసావ. "నీ బరువు చూసి ముందే తిని వస్తాం."

*

గురువారం సూపర్ మార్కెట్ మనిషి వచ్చాడు. పేరు వుకాషిన్. సన్నగా, శుభ్రంగా, బెల్‌గ్రేడ్ చొక్కాలో ఉన్నాడు. దెసాంకా ముందు రొట్టె కోసి, జున్ను పెట్టి, గిన్నెడు అయ్వార్ పెట్టింది. తిన్నంతసేపూ మాట్లాడనివ్వలేదు. అతను గిన్నె రొట్టెతో తుడిచాక అడిగింది.

"ఎలా ఉంది బాబూ?"

"చెప్పేదేముందమ్మా. అందుకే కదా వచ్చాను."

"అయితే నాలుగొందల ఎనభైకి రాదు."

బ్లగోయే పైకప్పు వంక చూశాడు. వుకాషిన్ చిన్నగా నవ్వాడు. "మీకు నూటికి పాతిక మార్జిన్ ఉందని మీ ఆయనే ఫోన్లో చెప్పారు. కొంచెం తగ్గితే ఏం పోతుంది?"

"ఆ పాతికలో ఇరవై ఒకటి మా ఇరుగుపొరుగుది. నాది నాలుగే. వాళ్ళది నీకు రాసిచ్చే హక్కు నాకు లేదు. ఆర్నూట నలభై. అయిదువేల సీసాలు, ఈ ఏటి సరుకులోంచే ఇస్తాను. కొత్త షెడ్డూ వద్దు, అప్పూ వద్దు."

"అమ్మా, యంత్రం మీద ఒలిచేవాళ్ళు నాలుగొందలకి ఇస్తున్నారు."

"వాళ్ళ దగ్గరే కొనుక్కో నాయనా. యంత్రానికి తోలూ కండా ఒకటే. మరి నువ్వు వాళ్ళ గిన్నె కూడా ఇలాగే తుడిచావా?"

అతను గిన్నె వంక చూసుకున్నాడు. "ఆరొందలు చెయ్యండి. నా చేతిలో అంతకంటే లేదు."

"ఆరొందలకి సీసాకి పాతిక దినార్లు మిగులుతుంది నాకు. వ్యాను గోతిలో పడి నాలుగు సీసాలు పగిలితే అదీ ఉండదు. ఆ ధర పోయినేడు తెలియక పెట్టాను. ఈ ఏడు తెలిసి ఎలా పెడతాను?"

వుకాషిన్ పై వాళ్ళని అడగాలన్నాడు. వెళ్తూ వెళ్తూ తన ఇంటికని ఆరు సీసాలు తీసుకుని, ఆర్నూట నలభై లెక్కనే డబ్బిచ్చాడు. కారు మలుపు తిరిగేదాకా చూసి బ్లగోయే అన్నాడు.

"ముప్పైవేల సీసాల మనిషి ఆరు సీసాలతో పోయాడు."

"ఇల్లు మాత్రం పోలేదు. చేనూ పోలేదు. తాకట్టు కాగితం పొయ్యిలో వెయ్యి, కాయ కాలుతుంది."

*

శనివారం మళ్ళీ బల్ల చుట్టూ అందరూ చేరారు. దెసాంకా కూర్చోలేదు. చేతులు తుడుచుకుని నిలబడే చెప్పింది, ఇకమీద కంపెనీ కాయ ఒలిచినవాళ్ళకి రోజుకి నాలుగు వేలు అని.

పొయ్యి మీద కాయ చిటపటమంటోంది. విదోసావ కత్తి కింద పెట్టింది.

"మమ్మల్ని కూలివాళ్ళని చేస్తున్నావా?"

"నిన్ను కాదే, నన్ను దారిలో పెట్టుకుంటున్నాను. మన ఇళ్ళకి కావలసిన కాయ మనం మనం ఒలుచుకుంటాం. అది మోబ. దానికి డబ్బన్నవాళ్ళ నోట్లో మట్టి. కానీ కంపెనీ వేరు. కంపెనీకి పెళ్ళి లేదు, చావు లేదు, చుట్టాలు లేరు. రేపు మీ ఇంటికొచ్చి ప్లమ్ పళ్ళు ఏరదు. దానికి మీరెందుకు ఊరికే చెయ్యాలి?"

విదోసావ చాలాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. స్నేహం తెగుతుందో నిలుస్తుందో దెసాంకాకి తెలియలేదు. తెలియకపోయినా ఆవిడ మాట వెనక్కి తీసుకోలేదు.

"నాలుగు వేలు ద్రాక్ష కోతకి," అంది చివరికి విదోసావ. "ద్రాక్ష వేళ్ళు కాల్చదు. నాలుగున్నర. కాఫీ బ్లగోయే కలపాలి."

"అప్పుడు కాఫీకి ఎవరు డబ్బిస్తారు?" అన్నాడు బ్లగోయే.

"నీ ట్రాక్టరు డబ్బులున్నాయిగా," అందొకావిడ. మళ్ళీ బల్లంతా నవ్వింది.

దెసాంకా మనసులోనే కట్టుకుంది. నాలుగున్నర వేలైతే సీసాకి ఒలుపు నూట నలభై. సరుకు మూడొందల ముప్పై, పై ఖర్చు నూట ఇరవై. మొత్తం అయిదొందల తొంభై. ఆర్నూట నలభైకి అమ్మితే యాభై. నూటికి ఎనిమిదికి కాస్త తక్కువ. కసాయి రాడిసావ్ కంటే మెరుగే. అందులో ఎవరి తోలూ లేదు.

"సరే, నాలుగున్నర," అంది, కూర్చుని కాయ అందుకుంది.

సోమవారం మధ్యాహ్నం ఫోను మోగింది. దెసాంకా చేతులనిండా నల్లటి తోలు. బ్లగోయే ఫోను ఆవిడ చెవి దగ్గర పట్టుకున్నాడు. అవతల వుకాషిన్, పై వాళ్ళు అయిదువేల సీసాలకి ఒప్పుకున్నారని, ధర మాత్రం ఆర్నూట ఇరవై చెయ్యమన్నారని చెప్పాడు.

"ఆ ఆరు సీసాల్లో ఎన్ని మిగిలాయి బాబూ?"

"ఒకటి."

"ఆర్నూట నలభై."

బ్లగోయే ఫోను ఆవిడ చెవికి ఇంకా గట్టిగా నొక్కాడు. విదోసావ ఒలవడం ఆపింది.

"సరేనమ్మా. సీసా మీద చేత్తో ఒలిచినది అని రాయించండి."

"రాయిస్తాను. ఒలిచిన చేతులకి ఇచ్చిందీ రాయిస్తాను, అది సీసా మీద కాదులే, మా అన్నయ్య లెక్కలో."

బ్లగోయే ఫోను జేబులో పెట్టుకుని, ఇంకా నమ్మకం కుదరనట్టు అక్కడే నిలబడ్డాడు. "మరి వచ్చే ఏడు ముప్పైవేలు అడిగితే?"

"ధర అడుగు, కాయ చూడు, చేతులు లెక్కపెట్టు. ఆ మూడూ కుదిరితే అప్పుడు మాట్లాడదాం," అంది దెసాంకా. "ముందు ఆ మూకుడు కలుపు, అడుగంటుతోంది."