ఆత్మకు పన్ను మీద పన్ను

మా ఆయన రామచంద్రం గారు బడిలో లెక్కల సారు, ఇంట్లో కవి. చదువంతా ఉర్దూలో సాగింది కనుక తెలుగు ఒత్తులు ఆయన కలం కింద ఎటో జారిపోతాయి. వాటిని వెతికి తెచ్చి సాపు ప్రతి రాసేది నేను. హైదరాబాదులో నేను చదివిన బి.ఏ. మహబూబ్‌నగర్‌లో అక్కరకొచ్చింది ఆ ఒక్క పనికే.

అరవై రెండులో బడి వార్షిక సంచికకని ఆయనొక కవిత రాశారు. అందులో ఒకామె వచ్చింది. నవ్వింది. పన్ను మీద పన్ను మెరిసింది. మాట్లాడకుండానే వెళ్లింది. కవి లోకాలు దాటి వెలుగులో కలిసిపోయాడు.

ఎవరీమె అని అడిగాను. ఆత్మ అన్నారు.

తెలుగులో ఇదొక సౌకర్యం. ఆడమనిషి వచ్చినా వచ్చిందే, ఆవు వచ్చినా వచ్చిందే, ఆత్మ వచ్చినా వచ్చిందే. కవి ఆ క్రియ వెనక ఎంతసేపైనా దాక్కోవచ్చు. ఆదివారం మా ఇంట్లో చాయ తాగడానికి చేరే సాహిత్య మిత్రులు కూడా ఆత్మేనని తీర్మానించారు. స్త్రీ ఒక మెట్టు, దాని మీద కాలు పెట్టి పైకి పోవాలి అన్నారు వాళ్లలో పెద్దవారైన కృష్ణయ్య గారు. మెట్టునెవరూ అడిగినట్టు లేదు.

నాకు మాత్రం ఆ ఆత్మ మీద నమ్మకం కుదరలేదు. ఆయన పాత కవితల చిత్తు ప్రతులు తీసి తేదీలు చూశాను. దసరా సెలవులు పదిహేను రోజులూ ఆత్మ ఒక్కసారీ రాలేదు. బడి తెరిచిన సోమవారమే వచ్చింది. ఆ పన్నొకటి తీసేయరాదా అని మాట వరసకు అడిగితే, అక్షరం కదిలినా కవిత చచ్చిపోతుందన్నారు.

కవిత ప్రెస్సుకు వెళ్లవలసిన రోజు మధ్యాహ్నం, ఆయన బడిలో ఉండగా, ఒక అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ బడిలోనే పనిచేసే తెలుగు టీచరు యాదలక్ష్మి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడింది. కొంగు జారినప్పుడు చూశాను. ఎడమ పక్కన, పన్ను మీద పన్ను.

అయినా కూర్చోమన్నాను.

"అక్కా, సారు రాసిన కవిత నా మీదనేనా?"

"ఆత్మ మీదనట."

"ఆత్మకు పండ్లుంటయా అక్కా?"

నెల రోజులుగా నేను నన్నడుగుతున్న ప్రశ్న అది. ఆమె వంక పరీక్షగా చూశాను. నటన అనిపించలేదు.

ఆదివారం మాటలు బడిదాకా పాకాయట. పిల్లలు ఆమెను చూసి పళ్లు చూపిస్తున్నారట. నల్లగొండలో ఉన్న అన్న నర్సింహ చెవిన కూడా పడిందట.

"అచ్చుల వడ్డదంటే నౌకరి ఇడిపిచ్చి తోల్కపోతనని రాసిండక్కా. నేను సారుతోని హాజరు పట్టీ ముచ్చట తప్ప ఇంకో మాట మాట్లాడలే. గా నౌకరి తప్ప నాకింకేం లేదు."

మాట్లాడకుండానే వెళ్లింది అన్న పాదం ఒక్కటి నిజమన్నమాట.

సారుకు చెప్పమంటావా అని అడిగాను. చెబితే మళ్లా ఆత్మ అంటడు అంది. ఆయన్ని నాకంటే బాగానే ఎరిగినట్టుంది.

చాయ పెట్టి, కొత్త కాగితం తీశాను. వచ్చింది తీసేసి వచ్చాడు అని రాశాను. నవ్వింది, నవ్వాడు. వెళ్లింది, వెళ్లాడు. ఒక్క మాత్ర తేడా రాలేదు. పన్ను దగ్గర కలం ఆగింది. ఇద్దరం కాసేపు ఆలోచించాం. చివరికి ఆమే అంది, మిన్ను అనరాదా అని. మిన్ను మీద మిన్ను మెరిసింది.

"గీ వచ్చినాయన ఎవరక్కా?"

"దేవుడు. ఆయనకు నౌకరి పోయే భయం లేదు."

ఆ రోజు మొదటిసారి ఆమె కొంగు తీసి నవ్వింది. సాయంత్రం ఆయన నేనిచ్చిన కవరు విప్పి చూడకుండానే ప్రెస్సుకు ఇచ్చి వచ్చారు. నా రాత మీద ఆయనకు అంత నమ్మకం.

సంచిక వచ్చిన రోజు కృష్ణయ్య గారు కాపీ పట్టుకుని మా ఇంటికే వచ్చేశారు. మిన్ను మీద మిన్నట, అంత ఎత్తు ఈ జిల్లాలో ఎవరూ ముట్టలేదట. మెట్టు కూడా లేకుండా నేరుగా భగవంతుణ్నే పట్టినవయ్యా అని మా ఆయన్ని కౌగిలించుకున్నారు. ఆయన ఆ కౌగిట్లోంచే కవిత చదువుకున్నారు. ముఖంలో రంగులు మారాయి. కాదనడానికి నోరు తెరిచారు. కాదంటే ఎవరని చెప్పాలో తోచక మూశారు.

కృష్ణయ్య గారు వెళ్లాక కేకల కోసం సిద్ధంగా ఉన్నాను. ఎందుకు మార్చినవ్ అంటారు, ఎవరు మార్చమన్నరు అంటారు, అక్షరం గురించి ఉపన్యాసం చెబుతారు అనుకున్నాను. అవేవీ లేవు. పుస్తకం మూసి, కిటికీ వైపు తిరిగి, మెల్లగా అడిగారు.

"యాదలక్ష్మి చదివిందా?"

నెల రోజుల నా అనుమానం అప్పుడు తీరిపోయింది.

"చదివింది," అన్నాను. "ఆ వచ్చినాయన ఎవరని అడిగింది."