అడుగున మిగిలిన పాట

ఈ ఊళ్ళో పియానో మీద ఇంత వేగంగా వేళ్ళు పరిగెత్తించే మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు, ఇకముందు పుట్టబోడు. ఈ మాట అన్నది ఎవరో కాదు, సాక్షాత్తూ ఆ మొనగాడే. తుఫాను అన్న బిరుదు కూడా తనకి తనే ఇచ్చుకున్నాడు. ఇంట్లోవాళ్ళు ఏ అభ్యంతరమూ చెప్పకుండా దాన్ని వాడకంలో పెట్టేశారు: "తుఫానూ, చెత్తబుట్ట కింద పెట్టిరా."

ఆ పియానో మేనత్తది. ఇస్త్రీ కొట్టు పైన, రెండో అంతస్తులో, వాళ్ళ ముందుగదిలో సగం దానికే సరిపోయేది. మిగతా సగంలో అత్త కుట్టుమిషన్. ఒకప్పుడు అత్త కూడా వాయించేదట. కింది కొట్టు షట్టర్ మీద పడి కుడిచేతి చిటికెనవేలూ దాని పక్కవేలూ మొరాయించాక, ఆవిడ పియానోకి వీపు పెట్టి మిషన్ వైపు తిరిగి కూర్చుంది. మళ్ళీ ఇటు తిరగలేదు.

పెద్దవయసు పియానో కదా, తుఫాను వాయించినంత వేగంగా పలకలేకపోయేది. పలకగలిగినన్ని పలికి, మిగతా స్వరాలు పొట్టలో దాచుకుని, తర్వాత తీరిగ్గా ఒక్కొక్కటే వదిలేది. పొద్దున వాయించడం ముగించి అతను స్నానం చేసొచ్చి తల తుడుచుకుంటున్నా, పాట ఇంకా వస్తూనే ఉండేది. అమ్మ కూరలు తరుగుతూ, ఇవాళ్టిది అయ్యేట్టు లేదు, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చనిస్తుందో లేదో అని సణిగేది. కింద ఇస్త్రీ ఆయనకి మాత్రం ఆ మిగులు స్వరాలంటే ఇష్టం. వాటి నడకకి తగ్గట్టు పెట్టె తోస్తే కాలర్లు చక్కగా కూర్చుంటాయట.

ఒక్కటే చిక్కు. మిగులు వచ్చేటప్పుడు పాట నడుమ ఒకచోట పియానో ఎప్పుడూ మూగబోయేది. కాసేపాగి, ఏమీ ఎరగనట్టు చివరి భాగం అందుకునేది.

"ముసలి ప్రాణం, ఊపిరి పీల్చుకుంటోంది" అని తుఫాను సర్దిచెప్పేవాడు. అత్త పుటుక్కున పంటితో దారం తెంపేది.

ఇంతలో డాన్స్ స్కూల్లో పియానో వాయించే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. అప్పటికే రెండుచోట్ల అతని వాయింపు విని "కబురు చేస్తాం" అని పంపేశారు. ఆ కబురు ఇంకా దారిలోనే ఉంది. ఇది కూడా తప్పిపోతే బాబాయి కొట్లో కూర్చుని బల్బులు వెలుగుతున్నాయో లేదో చూసి అమ్మడమే గతి. స్కూలు పియానో మరమ్మతులో ఉండడంతో డాన్స్ టీచరే ఇంటికి వస్తానంది. వస్తూ ఒక చిన్నపిల్లని వెంటబెట్టుకొచ్చింది. ఈ పిల్ల ఆడగలిగేట్టు వాయిస్తే చాలంది.

"కాళ్ళు జాగ్రత్త పాపా" అని తుఫాను చొక్కా చేతులు మడిచి, పియానో మీద విరుచుకుపడ్డాడు. పాప నాలుగడుగులు వేసింది. ఐదో అడుగు ఎక్కడ వేయాలో తేలక, పోయి సోఫాలో కూర్చుని, ప్లాట్‌ఫాం మీద ఆగని రైలుని చూసినట్టు అతన్ని చూసింది. పాట ముగిసింది. టీచర్ టీ కప్పు అందుకుంటూ మెచ్చుకోలుగానే అంది.

"వేగం బాగుంది బాబూ. కబురు చేస్తాం."

తుఫాను కళ్ళముందు బల్బులు వరసగా వెలిగాయి.

అప్పుడు మొదలుపెట్టింది పియానో. ఆ రోజు కంగారులో అతను మరీ ఎక్కువ కుక్కేశాడేమో, పొట్టలో పట్టక, అడుగున ఏళ్ళ తరబడి పడి ఉన్నవి ముందు తోసుకొచ్చాయి. అదే పాట. కానీ ప్రతి స్వరమూ తన చోటు చూసుకుని, కుదురుగా కూర్చుని, పక్కదానికి జాగా ఇచ్చి మరీ పలుకుతోంది. పాప సోఫా దిగింది. చేతులు వాటంతటవే విచ్చుకున్నాయి. టీచర్ కప్పు పెదాల దగ్గరే ఆగిపోయింది.

తుఫాను గబుక్కున కాలర్ సర్దుకున్నాడు. పాట నడిమికి వచ్చింది. పియానో ఆగలేదు. తను ఎన్నడూ వినని భాగమొకటి, నిండుగా, తొణక్కుండా సాగిపోతోంది. అతను వెనక్కి తిరిగి చూశాడు. మిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు గుడ్డపై అత్త వేళ్ళు పాటకి ముందే కదులుతున్నాయి. మొరాయించిన ఆ రెండూ మాత్రం ఊరికే వణుకుతున్నాయి.

"ఇది నువ్వు వాయించిందేనా?" అంది టీచర్.

వెనకనుంచి అమ్మ ఔననరా అన్నట్టు కళ్ళెగరేసింది. ఔనంటే ఉద్యోగం ఖాయం. అతని నోటిదాకా వచ్చింది కూడా.

"కాదు మేడమ్, మా అత్తది" అన్నాడు. "నాకంటే వేగం. ఎంత వేగమంటే, ఆవిడ వాయించడం మానేసి ఇన్నేళ్ళయినా ఇదింకా పలికి ముగించలేదు."

గొప్పలు చెప్పడం అతనికి కొత్త కాదు గానీ, తన గురించి కాని గొప్ప చెప్పడం ఇదే మొదలు. ఛాతీ ఎప్పటికంటే రెండంగుళాలు ఎక్కువే పొంగింది.

టీచర్ అత్త వైపు తిరిగి, మీరు వస్తారా అని అడిగింది. అత్త జవాబుగా కుడిచెయ్యి ఎత్తి చూపించింది.

"మా పిల్లలకి పరుగు అక్కర్లేదమ్మా, నిదానం కావాలి. దానికి ఉన్న వేళ్ళు చాలు. ఆ రెండువేళ్ళ పనీ ఈ అబ్బాయి చూసుకుంటాడు."

"రెండువేళ్ళ పనికి తుఫాను ఎందుకండీ, పిల్లగాలి చాలు" అంది అత్త. అంటూనే లేచింది. మిషన్ మీద మూత దించి, ఇన్నేళ్ళకి పియానో వైపు తిరిగి కూర్చుంది. మేనల్లుడికి పక్కన కాస్త చోటిచ్చింది.

ఇద్దరూ మొదలుపెట్టారు. అత్త వేలు అందని చోటల్లా తుఫాను వేలు పడింది. కింద ఇస్త్రీ పెట్టె చప్పుడు కూడా నెమ్మదించింది. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆవిడ తన ఆడపడుచని టీచర్‌కి చెప్పింది. పాట నడిమికొచ్చింది. అత్త వాయించి, అతని వంతు కోసం ఆగింది. అతని చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. పాప ఒంటికాలి మీద నిలబడి చూస్తోంది.

"ఏరా," అంది అత్త, తల తిప్పకుండానే, "ఊపిరి పీల్చుకుంటున్నావా?"

తుఫాను చెవులు ఎర్రబడ్డాయి.

"అది కాదత్తా. నాకు ఈ నడిమి పేజీ రాదు. ఎప్పుడూ రాలేదు. అది ఎవరికీ తెలియకూడదనే నేను తుఫాను అయింది."