చందువా వేపుడు

సెలవులయ్యాక కూతురిని హాస్టల్లో దింపి, తెనాలిలో రేపల్లె రైలెక్కిన ముత్యాలరావుకి బుర్ర తిరిగిపోతోంది.

లక్షలు పోస్తే గానీ సీటు రాని కాలేజీ అది. సముద్రం మీద వేటకెళ్ళేవాడి కూతురు, పైగా బాగా చదువుతుందని మేఘనకి ఫీజంతా మాఫీ చేశారు. ఆమె గదిలో ఉండే మిగతా ఇద్దరమ్మాయిలు దిగిన కార్లయితే ఒక్కోటీ పడవంత ఉంది.

తన భార్య విజయ కట్టిచ్చిన చేపల వేపుడు కేరేజీ ఆ గదిలో విప్పాడో లేదో, ఆ అమ్మాయిలిద్దరూ ఎగబడ్డారు. ఒకమ్మాయి తల్లి కూడా ముక్క నోట్లో వేసుకుంది.

"చందువాలా అన్నయ్యగారూ! హైదరాబాదులో ఎంత పోసినా ఇంత తాజావి దొరకవండి. మీరు రోజూ తింటారా? ఎంత అదృష్టవంతులండీ!"

పడవంత కారున్నావిడ తనని అదృష్టవంతుడంటోంది! మరి మాఫీ తనకెందుకిచ్చినట్టు? నవ్వాలో నొచ్చుకోవాలో తెలియక, కేరేజీ మూత చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు.

చేపలమ్ముకుని రేపల్లె స్టేషన్లో ఎదురుచూస్తున్న విజయ, ఖాళీ కేరేజీని ఊపి చూసి మురిసిపోయింది.

"మొత్తం తినేసిందా మన పిల్ల?"

"దాని స్నేహితులు తిన్నారే. అది ముట్టుకోలేదు."

"అదేంటి? ఒంట్లో బాలేదా?"

"ఏమోనే, నాకూ అర్థం కాలేదు. చిన్నప్పట్నుంచీ చేపల వాసనే పడదని చెప్పింది వాళ్ళకి. నా ఎదురుగానే."