లేత పసుపు నీళ్ళు

గుప్పెడు బొగ్గు కడుగుతుంటే సింకులో నల్లటి నీళ్ళు పారుతున్నాయి. అక్వేరియంలో వాడే యాక్టివేటెడ్ కార్బన్ ఇది. మా ఇంట్లో బొగ్గు అనే అంటాం. దుమ్మంతా పోయేదాకా కడిగి, చిన్న వలసంచిలో కట్టి, తొట్టి కింద నీళ్ళు తిరిగే అరలో పెట్టాలి. నీళ్ళలోని పసుపునీ వాసననీ తనలోకి లాక్కుంటుంది. నిండిపోయాక ఇక ఎంత కడిగినా పనికిరాదు, పారేయడమే.

తొట్టి మా ఆయనది. ఉప్పునీళ్ళు, చేపలు, ప్రాణమున్న పగడాలు. వచ్చినవాళ్ళకు “నా సముద్రం” అని చూపిస్తారు. ఉప్పు కలపడం, అద్దానికి పట్టిన నాచు గీకడం, బొగ్గు మార్చడం నా వంతు. “చిల్లర పనులు మా ఆవిడ చూసుకుంటుంది” అంటారు నవ్వుతూ.

అక్క పోయాక ఇవాళ్టిదాకా నేను బొగ్గు మార్చలేదు. మర్చిపోయాననుకున్నారు ఇంట్లో. ఆస్పత్రి చుట్టూ తిరిగిన ఆ చివరి నెలల్లో అక్క మా ఇంట్లోనే ఉంది. సాయంత్రాలు పేము కుర్చీ తొట్టి ముందుకు లాక్కుని కూర్చునేది. “ఆ ఊదారంగు పిల్ల ఇవాళ బద్ధకంగా ఉందే, జడ కూడా విప్పుకోలేదు” అనేది, కొమ్మల పగడాన్ని చూపించి. మేమిద్దరం మాట్లాడకుండా కూర్చుంటే నీలి వెలుగు గోడల మీద ఊగేది. గది మొత్తం నెమ్మదిగా ఎక్కడికో తేలిపోతున్నట్టుండేది. రోజూ చూసేవాళ్ళకు నీళ్ళు పసుపెక్కడం తెలియదు. ఈమధ్య ఒకరోజు తెల్ల కప్పుతో ముంచి చూశాను. పలచటి టీ రంగు. అక్క చూసిన సాయంత్రాలన్నీ ఆ రంగులోనే కరిగి ఉన్నాయనిపించింది. కప్పును మళ్ళీ తొట్టిలోనే వొంపేశాను.

నేను పనిచేసే బడిలో పెద్ద టీచరు “సొంత కుటుంబమైతే సెలవు పొడిగించేదాన్నమ్మా, అక్క కదా” అన్నారు. అత్తయ్య పేము కుర్చీని స్టోరు గదిలో పెట్టించి, “పోయింది మన ఇంటి మనిషైతే సరే. ఎన్నాళ్ళని ఆ మొహం?” అన్నారు. ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు.

“ఆదివారం మా మేనేజరు గారూ వాళ్ళావిడా వస్తున్నారు. నీళ్ళు చూడు, కషాయంలా ఉన్నాయి. రెండు సంచుల బొగ్గూ పెట్టెయ్యి” అన్నారు ఆయన, సింకు దగ్గర నా వెనక నుంచి.

“ఒక్కసారే వద్దండీ. పగడాలు ఇన్నాళ్ళూ మసక వెలుతురుకు అలవాటు పడ్డాయి. నీళ్ళు ఉన్నట్టుండి తేటపడితే తొట్టి దీపం వెలుగంతా నేరుగా వాటి మీదే పడుతుంది, తట్టుకోలేవు. గుప్పెడు గుప్పెడు పెడతాను.”

“టీచరమ్మా, పాఠాలు బడిలో చెప్పుకో.”

మర్నాడు నేను బడికి వెళ్ళాక రెండు సంచులూ ఆయనే పెట్టేశారు. సాయంత్రం తలుపు తీస్తే గది నాది కాదనిపించింది. తొట్టిలో నీళ్ళే లేనట్టుంది. చేపలు గాల్లో వేలాడుతున్నాయి. అంత అందంగా ఆ తొట్టి ఎప్పుడూ లేదు. నాకు మాత్రం అక్కను మరోసారి తీసుకెళ్ళినట్టు అనిపించింది.

శనివారానికి ఊదారంగు పిల్ల కొసలు గోరంత గోరంత తెల్లబడ్డాయి.

“అసలు బొగ్గు సరిగ్గా కడిగావా నువ్వు?” అన్నారు ఆయన.

“నేను కడగలేదు. పెట్టింది మీరు.”

ఆయన ఒక క్షణం తొట్టి వైపు చూశారు. “సరేలే, ఏం చేస్తావో చెయ్యి. రేపటికి రంగు రావాలి.”

“రేపటికి రాదండీ. నెలలు పడుతుంది. రాకపోనూవచ్చు.”

దీపం సగానికి తగ్గించాను. సంచులు తీసి, గుప్పెడు బొగ్గు మాత్రం తిరిగి పెట్టాను. తర్వాత ఫోను తీసుకుని మేనేజరు గారి భార్యతో మాట్లాడాను. స్టోరు గదిలోంచి పేము కుర్చీ తెచ్చి, దుమ్ము తుడిచి, తొట్టి ముందు వేసుకుని కూర్చున్నాను. మసక వెలుగులో పగడం ఒక కొమ్మ విప్పిందో, నాకే అలా అనిపించిందో.

“అమ్మాయ్, రేపటికి కూరలేం తెప్పించను?” అంటూ వచ్చారు అత్తయ్య.

“రేపు ఎవరూ రావడం లేదు అత్తయ్యా. ఫోన్ చేసి వద్దన్నాను.”

“వద్దన్నావా! ఏమని చెప్పావే?”

“మన ఇంటి మనిషి పోయిందని చెప్పాను.”