తూములో తెల్ల ముఖం

ఆ ఏడాది కాశీవిశ్వనాథం ఏ బొమ్మ చేసినా ఒకటే ముఖం వచ్చేది. అచ్చు మార్చాడు, మట్టి మార్చాడు, అయినా అంతే. ముక్కు చెక్కి, కళ్లు దిద్ది, అలా వెళ్లి టీ తాగి వచ్చేసరికి బల్ల మీంచి అదే ముఖం చూస్తూ ఉండేది. భూలక్ష్మి ముఖం.

భూలక్ష్మి ఫిలింనగర్‌లో అతను పనిచేసే స్టూడియో ఫ్లోరు ఊడ్చే పిల్ల. గోడవతల బస్తీలో తల్లి నీలమ్మతో ఉండేది. తొంభై నాలుగు వేసవిలో ఓ భక్తి సినిమాకి నలభై రాతి దేవతలు కావాలన్నారు. అంత రాయి ఎవడు చెక్కుతాడు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో లాగించెయ్యడమే! తెనాలి నుంచి వచ్చిన మన కాశీ మేస్త్రీకి అదే విద్య. మంచి ముఖం కోసం వెతుకుతుంటే చీపురు పట్టుకుని ఈ పిల్ల కనబడింది. అంతే, బల్ల మీద పడుకోబెట్టాడు. కొబ్బరినూనె రాశాడు, ముక్కులో కాయితం గొట్టాలు పెట్టాడు, ప్లాస్టర్ పోశాడు. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, లోపల ప్రాణమున్నట్టు. తీసేశాక పిల్ల ఒకటే నవ్వు.

"ఏంది సారూ, శవాన్ని కప్పినట్టు కప్పితివి! పనైనంక నా మొకం నాకియ్యాలె. మా అమ్మకు సూపిస్త."

"ఇస్తాలేమ్మా" అన్నాడు.

ఇవ్వలేదు. షూటింగ్ అయిపోతే బొమ్మలు పగలగొట్టడం అక్కడి రివాజు, లేకపోతే ఇంకో కంపెనీవాడు పట్టుకెళ్లి వాడేసుకుంటాడు. ముప్పై తొమ్మిది పగలగొట్టాడు కాశీ. మొదటిదాని ముఖం మీద మాత్రం చెయ్యి లేవలేదు. మేనేజరు చూస్తే తిడతాడని షెడ్డు వెనక ఇనప జాలీ ఎత్తి ఆ ముఖాన్ని అలాగే లోపలికి జారవిడిచేశాడు. ఆ వెనకే బకెట్లు కడిగిన తెల్లనీళ్లు. రోజూ అందరూ అక్కడే పోసేవాళ్లు. నీళ్లే కదా, పోతాయి!

ఆ జాలీ కింద తూము ఉంది. జూబ్లీహిల్స్ కొండ మీద పడ్డ వానంతా స్టూడియో కింద నుంచి ఆ తూములోనే పోయి, బస్తీ నాలాలో కలిసి, చెరువుకి చేరాలి. ఇంకో దారి లేదు. ఆగస్టులో పెద్దవాన పడింది. తూములో పట్టని నీళ్లు రోడ్డెక్కి పక్క సందులోంచి బస్తీ మీద పడ్డాయి. నీలమ్మ ఇంటి గోడ కూలింది. గోడ కింద భూలక్ష్మి.

"నాలాలో చెత్త పోస్తే పొంగదా మరి" అన్నారు స్టూడియోలో. కాశీ కూడా తలూపాడు. ఆ తలూపడమే అతన్ని తినేసింది. అప్పట్నుంచీ నాలుగు చినుకులు పడితే చాలు, జాలీలోంచి గుడగుడ, ఆ గుడగుడలో సన్నగా "సారూ..."

మళ్లీ జూన్ వచ్చింది. ఓ రోజు పొద్దున పదింటికి మున్సిపల్ ఇంజనీరు మంజులత లూనా మీద దిగింది. వెంగళరావు నగర్ అమ్మాయి, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు, చంకలో డ్రాయింగు చుట్ట. రాత్రి కురిసిన వానకి పైన రోడ్డు దగ్గర నీళ్లు నిలిచిపోయాయి. కింద నాలాలోకి సన్నగా తెల్లనీళ్లు తప్ప ఏమీ రావట్లేదు.

"చెరువు అంచంతా తెల్ల బురద పేరుకుందండీ. ఇక్కణ్నుంచి ఏమైనా పోస్తున్నారా?"

"అబ్బే, మాదంతా నీట్ అమ్మా. ఆ బస్తీ సంగతి చూసుకోండి" అన్నాడు మేనేజరు చలపతిరావు.

మంజులత ఆకాశం వైపు చూసింది. కొండ మీద మబ్బు కాటుకలా ఉంది. "బస్తీ వైపు తెల్లారినప్పట్నుంచీ తీయిస్తున్నాం, సంచులు తప్ప ఏం దొరకలేదు. ఈ వాన పడేలోపు అడ్డం ఎక్కడుందో తెలియకపోతే పోయినేడు జరిగిందే మళ్లీ జరుగుతుంది."

అప్పుడే గేటులోంచి నీలమ్మ వచ్చింది. మోచేతుల దాకా బురద.

"గా సంచులు మావే మేడం. మా చెత్తనే నా బిడ్డను తిన్నది. గీ చేతుల్తోనే ఏసిన గద!" అని ఆ చేతుల్నే చూసుకుంది.

కాశీ జాలీ పక్కనే నిలబడి ఉన్నాడు. చినుకే పడలేదు, అయినా జాలీ గుడగుడమంది.

"నీ సంచులు కావు నీలమ్మా" అన్నాడు. "ప్లాస్టర్. మేం పోశాం."

"మేస్త్రీ! రేపు పనిలోకి రావాలనుందా లేదా?" గద్దించాడు చలపతిరావు.

"ప్లాస్టర్ నీళ్లలో కలిసిపోదండీ, నీళ్లలోనే గడ్డకడుతుంది. పాతికేళ్లుగా చేస్తున్నా, నాకు తెలీదా! పారే నీళ్లు ఈడ్చుకుపోతాయిలే అనుకున్నా."

మంజులత ఇంకేం అడగలేదు. మనుషుల్ని పిలిచి తూము మీద బండలు రెండు ఎత్తించింది. చెడుగాలి పోయేదాకా ఆగాలంది. ఆగినంతసేపూ డ్రాయింగు మీద ఎర్రపెన్సిల్‌తో గీస్తూనే ఉంది. "ఇక్కడ రెండు తొట్లు కట్టాలి. తెల్లనీళ్లు వాటిలో నిలిచి, మడ్డి అడుగుకి చేరాక పై నీళ్లే బయటికి. తూములోకి వాననీళ్లు తప్ప ఏదీ పోకూడదు."

నడుముకి తాడు కట్టుకుని, సమ్మెట పట్టుకుని కాశీ దిగాడు. నడుంలోతు నీళ్లు. ఎదురుగా తూము నిండా తెల్లటి గోడ, ఎవరో పనిగట్టుకుని కట్టినట్టు. గోడ మధ్యలో కళ్లు మూసుకున్న ముఖం.

చెయ్యి పెట్టాడు. ఏడాదిగా నీళ్లలో ఉన్న ప్లాస్టర్. వెచ్చగా ఉంది.

"ఏమున్నది సారూ లోపట?" పైనుంచి నీలమ్మ.

"నీ బిడ్డ ముఖం. ఇస్తానని మాటిచ్చాను." గోళ్లతో అంచులు గీకాడు. రాలేదు, గోడతో ఒకటైపోయింది. టప్‌మని మొదటి చినుకు అతని మెడ మీద పడింది.

నీలమ్మ బోర్లా పడుకుని తల కిందికి వంచింది. ఆ ముఖాన్ని చూసింది. కాశీ సమ్మెట కిందికి దించేశాడు.

"నావల్ల కాదు నీలమ్మా."

"అప్పుడు పోసుడు నీ వల్లనే అయింది గద" అంది. "కొట్టు. కింద పిల్లలున్నరు."

కళ్లు మూసుకుని కొట్టాడు. మొదటి దెబ్బకి పగుళ్లు, మూడో దెబ్బకి కన్నం. నీళ్లు ఒక్కసారి ఘొల్లుమని అందులోకి దూకాయి. ముఖం నాలుగు ముక్కలై అతని మోకాళ్లకి తగిలి వెళ్లిపోయింది. కాళ్లు లాగేస్తున్నాయి, పైన వాన, తాడు బిగుసుకుంది, ఎవరో అరుస్తున్నారు.

"చెయ్యియ్యి!" నీలమ్మ.

ఇచ్చాడు. మంజులత తాడు లాగింది, నీలమ్మ మణికట్టు పట్టి లాగింది. గట్టు మీద పడి దగ్గుతుంటే కింద బస్తీలోంచి కేకలు: నీళ్లు నాలాలోనే పోతున్నాయి, సందులోకి చుక్క రాలేదు!

నీలమ్మ మాత్రం అతని అరచెయ్యి వదల్లేదు. వానలో తిప్పి తిప్పి చూస్తోంది.

"ఏంది సారూ, గంత నీళ్లల్ల నిలబడ్డవు," అంది మెల్లగా, "నీ చెయ్యి గింత ఎచ్చగున్నదేంది?"

అది ఆ ముఖాన్ని తాకిన చెయ్యి. కాశీ జాలీ వైపు చూశాడు. అక్కడ ఒట్టి నీళ్ల చప్పుడే, ఆ సన్నటి పిలుపు లేదు.