ఆయమ్మే కదా

పదకొండు గ్లాసులు తోమి బోర్లించి, టీకి నీళ్లు పొయ్యి మీద పెట్టింది ఆయమ్మ. పొద్దున్నే ఇంట్లో ఒక దఫా తోమి వచ్చింది, బడిలో ఇది రెండో దఫా. ట్రే పట్టుకుని టీచర్ల గదిలోకి వెళితే ఆమెను చూసి ఎవరూ మాట ఆపరు. ఆయమ్మే కదా అంటారు. నెల రోజులుగా డ్రాయింగ్ టీచరు గుమ్మంలో అడుగుపెడితే మాత్రం గదంతా బిగుసుకుపోతుంది. ఆమె మూల బల్ల దగ్గర అటు తిరిగి కూర్చుని డబ్బా విప్పుతుంది, రెండు ముద్దలు తిని మూసేస్తుంది.

లెక్కల టీచరుకి మూడో నెల అన్న సంగతి పాత హెడ్మాస్టరుకి చేరవేసింది ఈ డ్రాయింగ్ టీచరేనని అందరి నమ్మకం. ఉద్యోగం ఖాయమయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని లెక్కల టీచరు ఆమె ఒక్కదాని చెవినే వేసిందట. కబురు చేరిన వారానికే లెక్కల టీచరుని మానిపించేశారు. ఆ తర్వాత హెడ్మాస్టరు బదిలీ మీద వెళ్లిపోయాడు. నింద మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

చేరవేసింది ఆయమ్మ. టీ వాసన తగలగానే లెక్కల టీచరు ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూసింది. పిల్లని కన్న మనిషికి ఆ మాత్రం తెలియదా. నాలుగేళ్లుగా, మధ్యాహ్నం టీ పట్టుకెళ్లినప్పుడల్లా, హెడ్మాస్టరు కాగితాల మీంచి తలెత్తకుండానే అడిగేవాడు, అక్కడ ఏమనుకుంటున్నారని. ఆయమ్మ కూతురికి ఈ బడిలో చోటిచ్చింది ఆయనే. చెప్పకపోతే పిల్లని పంపేస్తాడని, పంపేస్తే అదీ తనలాగే అంట్ల ముందు కూర్చుంటుందని ఆమె భయం. మొగుడైతే తేలిగ్గా తేల్చేశాడు. "విన్నది చెబితే నీ ఒళ్లేమన్నా అరిగిపోతుందా?" ఒళ్లు అరగలేదు. కానీ కూతురు కడుపులో ఉన్నప్పుడు తననీ పాత పనిలోంచి ఇలాగే తీసేశారు, గేటు దగ్గరే నిలబెట్టి. ఆ అవమానం తను పడి కూడా చెప్పింది.

కొత్త హెడ్మిస్ట్రెస్ వచ్చిన మొదటి రోజే ఆయమ్మ, అడక్కుండానే, టీచర్లు మిమ్మల్ని ఏమంటున్నారంటే అని మొదలుపెట్టబోయింది. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "వాళ్ల ఎదురుగా చెప్పగలిగేదైతే చెప్పు, పిలుస్తాను." ఇక తన పని అయిపోయిందనుకుని ఆయమ్మ వారం రోజులు గుండె చేత్తో పట్టుకుని తిరిగింది. ఏమీ కాలేదు. పైగా మీటింగులో ఆవిడ, లెక్కల టీచరుని తీసేయడం తప్పని, వెనక్కి తీసుకోమని పైవాళ్లకి రాశానని, ఆమె వచ్చేదాకా ఆ క్లాసులు తానే చెబుతానని అందరి ముందూ చెప్పింది.

నిన్న సాయంత్రం కూతురు ఇంకో కబురు తెచ్చింది, డ్రాయింగ్ టీచరు మానేస్తోందని. "చాడీలు చెప్పింది ఆవిడేనట కదమ్మా?" పిల్ల జడ అల్లుతున్న ఆయమ్మ చేతులు ఆగిపోయాయి.

ఈ రోజు టీ మరిగేలోగా ఆమె వట్టి చేతులతో హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్లింది. అంతా చెప్పేసి, ఆఖరికి అసలు భయం బయటపెట్టింది. "మా పిల్లని పంపేస్తారా మేడం?"

"పిల్ల చదువుని నీ నోటికి ముడిపెట్టింది ఎవరమ్మా?" ఆవిడ కాసేపు తన కుర్చీ చేతి వంకే చూసింది. "వాళ్లకి చెప్పాలో వద్దో నీ ఇష్టం. చెబుతానంటే నేనూ వస్తాను. ఈ కుర్చీలోంచి అడిగారు కాబట్టే నువ్వు చెప్పావు. ఆ మాట నేను చెప్పాలి."

ట్రే మీద గ్లాసులు గలగలమంటున్నాయి. ముందు ఆయమ్మ, వెనక మేడం. గదిలో ఎవరో పరీక్ష పేపర్ల మీద జోకు వేస్తే నవ్వుతున్నారు. మొదటి గ్లాసు మూల బల్ల మీద పెట్టింది. డ్రాయింగ్ టీచరు తలెత్తలేదు.

"లెక్కల టీచరమ్మ సంగతి పెద్దసారుకి చెప్పింది మీరు కాదు టీచరమ్మా, నేను."

నాలుగేళ్లలో మొదటిసారి, ఆయమ్మని చూసి ఆ గదిలో మాట ఆగిపోయింది.