ఎడమ చేతి గాజు

ఉదయం ఏడుంపావుకు, పాలకొల్లులో రత్నమాణిక్యం గారింటి పెరట్లో, నీళ్లు పోసే వీరదుర్గ, పసిపాప ఎడమ చేతి గాజు లాగి రొంటిన దోపుకుంది.

పాపకు ఇరవై మూడో రోజు. ఎడమ చెయ్యి మోచేతి కింద రెండంగుళాలకే ఆగిపోయింది. కడుపులోనే అంతవరకే పెరిగిందని, ఎవరి తప్పూ లేదని డాక్టరు చెప్పారు. బారసాల నాడు పాప తల్లి హారతి, జారకుండా గాజుకు నల్లదారం చుట్టి ఆ చేతికీ తొడిగింది.

వీరదుర్గ ఎడమ చెయ్యీ అంతే. యాభై తొమ్మిదేళ్లుగా అది పమిట కింద ఉంది. ముప్ఫై ఏళ్లుగా ఆమె పసిపిల్లలకు నీళ్లు పోస్తోంది. కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, మొండిచేతితో తల ఆపి, కుడిచేత్తో నలుగు పెడుతుంది. ఏ బిడ్డా జారలేదు. ఇలాంటి చెయ్యున్న బిడ్డ రావడం ఇదే మొదలు.

మొదటి రోజు నుంచీ పాప చేతిని ఆమె తువ్వాల్లో చుట్టేది. హారతి విప్పేసేది. విప్పి, ఫొటో తీసి, స్టేటస్ పెట్టేది. వీరదుర్గకు చిన్నప్పటి ఫొటో లేదు. పుట్టినప్పుడు కొన్న నల్లగాజుల జతలో వాళ్లమ్మ ఒకటే తొడిగింది. రెండోది కాలవలో పారేసింది.

హారతి గుమ్మంలోకి వచ్చింది.

"పిన్నిగారూ, మీరు జడెలా వేసుకునేవారండి? దీనికి నేర్పాలిగా."

"జడెక్కడిదమ్మా? మా అమ్మ వేసేది. ఆవిడ పోయాక కత్తిరించేశాను."

"నెత్తిన వెంట్రుకే లేదు, అప్పుడే జడేంటే నీకు?" అంది రత్నమాణిక్యం కూతురితో.

ఆ ప్రశ్న వీరదుర్గను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడిగింది కూడా పాప కోసం. ఆమె పాప ముఖం చూడకుండా నీళ్లు పోసింది.

తుడిచేటప్పుడు హారతి గమనించింది. "గాజేదండీ?"

"నీళ్లలో పోయుంటుంది."

ముగ్గురూ తూము దగ్గర వెతికారు. వీరదుర్గ పుల్లతో బురద కెలికింది.

"పోతే పోయిందిలెండి. సాయంత్రం ఇంకో జత తెప్పిస్తాను," అంది హారతి.

ఇంకో జత. వీరదుర్గ రొంటి మీద చెయ్యి పెట్టుకుని ఇంటికి నడిచింది.

మర్నాడు ఏడుంపావుకు నీళ్లు కాగాయి. ఎనిమిదైనా వీరదుర్గ రాకపోతే పొయ్యి ఆర్పేశారు. రత్నమాణిక్యం ఆమె ఇంటికి వెళ్లి చూసేసరికి వీరదుర్గ చాప మీద ఉంది. రాత్రి నిద్రలోనే గుండె ఆగి ప్రాణం పోయిందని ఆర్ఎంపీ డాక్టరు చెప్పాడు. ఎడమ చెయ్యి పమిట బయట ఉంది.

దిండు కింద రెండు నల్లగాజులు దొరికాయి. ఒకటి పాతది, అరిగింది, అదీ పసిపిల్లల కొలతే. రెండోది పాపది. హారతి చుట్టిన దారంతోనే రెంటినీ కలిపి కట్టి ఉంది. ముడి దగ్గర దారం మీద పంటిగాట్లున్నాయి.